పిన్ను కొట్టిన పాఠం

"కూర మాడుతోంది చూసుకో. చరిత్ర ఎక్కడికీ పోదు," అన్నారు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా. స్టవ్వు ఆయనకే దగ్గర. అయినా లేచి వెళ్ళి కట్టేసింది నేనే. తిరిగొచ్చి హాల్లో నేల మీద చతికిలబడి, స్టేప్లరు అందుకుని, ఎనిమిదో తరగతి చరిత్ర పుస్తకాలకు మళ్ళీ పిన్నులు కొట్టసాగాను.

ప్రతి ఏడూ బడి తెరిచే ముందు జరిగే తంతే ఇది. మా ఊరి వంతెనకు ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ జరిగిన యుద్ధం ఆగాక ఇవతలి పిల్లల్నీ అవతలి పిల్లల్నీ ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. పుస్తకంలో చివరి పాఠం మాత్రం ఆ యుద్ధం గురించే. చెబితే ఏ తల్లిదండ్రులు గొడవకొస్తారోనని మా హెడ్‌మాస్టారు ఆ పేజీలన్నీ కలిపి పిన్ను కొట్టించేస్తారు. "మీ చెయ్యి నీటుగా ఉంటుందమ్మా, ఇంటికి పట్టుకెళ్ళి తీరిగ్గా చెయ్యండి," అంటారు నాతో. తీరిక నా దగ్గర మూటలు కట్టి ఉందని ఆయన నమ్మకం. మా బళ్ళో మగ టీచర్ల చేతులు మరీ అంత మొరటువా అని అడగాలనిపిస్తుంది, అడగను. కిందటి వారం మాత్రం ధైర్యం చేసి, ఈసారి ఆ పాఠం చెబుతానన్నాను. "చెప్పండి. కానీ ఒక్క ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చినా మీ ఉద్యోగం నేను కాపాడలేను," అన్నారు ఎంతో మర్యాదగా. మా ఆయనకు అంత మర్యాద అవసరం లేదు కదా. "మా అన్నయ్యను చంపినవాళ్ళ పిల్లలకి నువ్వేం చెబుతావ్? రాజుల గురించి చెప్పుకో, జీతం అదే వస్తుంది," అన్నారు.

మా బావగారు ఆ యుద్ధంలోనే పోయారు, పంతొమ్మిదేళ్ళకి. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన ఆ కథ చెబుతారు. అన్నయ్య నవ్వుతూ ట్రక్కెక్కాడట, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదట. పోయిన మా మామగారు చెప్పగా విన్నదే తప్ప ఈయన చూసింది కాదు, అప్పటికి మరీ చిన్నపిల్లాడు. ఆ కథ నడుస్తున్నంతసేపూ అత్తయ్య వంటింట్లో కాఫీలు కలుపుతుంటారు, నేను కప్పులు తుడుస్తుంటాను.

పేపరు పక్కన పెట్టి మా ఆయన బయటికి వెళ్ళగానే అత్తయ్య వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆవిడకు చదువు రాదు.

"ఆ పిన్ను కొట్టేదాంట్లో ఏముందే? కాస్త చదివిపెట్టు."

చదివాను. 'ఇరువైపులా భారీ ప్రాణనష్టం జరిగింది.'

"అంతేనా?"

"మనవాళ్ళ గురించీ వాళ్ళవాళ్ళ గురించీ అంతే అత్తయ్యా."

ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్ల వీపు నిమిరినట్టు అట్ట మీద చెయ్యి రాస్తూ ఉండిపోయారు.

"వాడు నవ్వుతూ వెళ్ళలేదే," అన్నారు చివరికి. "మంచం కింద దూరాడు. అంత పొడుగు మనిషి, కాళ్ళు బయటికే ఉన్నాయి. మీ మామగారు ఆ కాళ్ళు పట్టుకుని లాగారు. 'అమ్మా, నువ్వన్నా నాన్నకి చెప్పమ్మా' అని నన్ను చుట్టుకుపోయాడు. నేనే చొక్కా గుండీలు పెట్టి పంపించాను. ఆ తర్వాత ఆయన ఈ నవ్వు కథ మొదలెట్టారు. కాదని ఎలా అనను? నా బిడ్డ పిరికివాడని నలుగురూ అనుకోరూ?"

నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఆ చేతికి గిన్నెలు అందించానే గానీ ఊరికే పట్టుకోవడం అదే మొదలు.

"పంతొమ్మిదేళ్ళు అత్తయ్యా. భయపడడా మరి?"

"ఆ మాట నాతో కాదు, నీ పిల్లలతో చెప్పు."

"చెబితే ఉద్యోగం పీకేస్తారేమో."

"అయితే నేనొచ్చి చెబుతా. నా ఉద్యోగం ఎవడు పీకుతాడో చూద్దాం," అని కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. ఈ ఇంట్లో ఆవిడ ఉద్యోగం ఎంత గట్టిదో నాకు తెలుసు. నాకూ నవ్వొచ్చింది.

బడి తెరిచిన వారం ఆవిడే కొడుకుతో చెప్పారు, అన్నయ్య గురించి పిల్లలకు చెప్పి వస్తానని. "వాళ్ళకి బుద్ధొచ్చేలా చెప్పమ్మా," అన్నారాయన సంబరంగా. పాపం, నవ్వు కథే అనుకున్నారు.

తరగతిలో అత్తయ్య నా కుర్చీలో కూర్చుని, మంచం కింది కాళ్ళ దగ్గర్నుంచి గుండీల దాకా అంతా చెప్పారు. మూడో బెంచీలో వంతెన అవతలి అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. ఇక అయిపోయింది, సాయంత్రానికల్లా ఫిర్యాదు వస్తుంది అనుకున్నాను.

"మామ్మగారూ, మా పెదనాన్న కూడా ఆ యుద్ధంలోనే పోయాడు," అంది ఆ పిల్ల. "మా ఇంట్లో కూడా నవ్వుతూ వెళ్ళాడనే చెబుతారు."

అత్తయ్య ఆ పిల్లను దగ్గరకు పిలిచారు. "మీ నాయనమ్మ ఉందా తల్లీ?"

"ఉంది. పెదనాన్న గురించి ఎవరితోనూ మాట్లాడదు."

"నాతో మాట్లాడుతుంది. రేపు తీసుకురా."