ఇంటిపేరు మారిన మచ్చ

నారు వ్యాపారంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం, మచ్చ ఉన్న ఆకు కొనేవాడి కంట పడకూడదని. ముప్పై ఏళ్లుగా నన్ను నిలబెట్టింది అదే. ఆ మంగళవారం నా పీక మీదికి తెచ్చిందీ అదే.

తనిఖీ అధికారి టమాటా షెడ్డులో ఒక మచ్చల ఆకు తెంపి, సంచిలో వేసి నలిపి, ఆ రసంలో కాగితపు పట్టీ ముంచాడు. రెండు గీతలు వచ్చాయి.

"ఇది సర్కారు నిషేధిత జాబితాలో ఉన్న బ్యాక్టీరియా. వారంలోగా పన్నెండు వేల మొక్కలూ కాల్చేయాలి. అభ్యంతరం ఉంటే ల్యాబ్ రిపోర్టు చూపించండి."

ఈసారి నారు అందకపోతే రైతులు పక్క నర్సరీకి వెళ్తారు. అక్కడ అలవాటు పడ్డాక మళ్లీ నా మొహం చూడరు. మొక్కల రోగాల ల్యాబ్‌లో పనిచేసే మా కోడలికి ఫోన్ చేశాను.

"ఆ పట్టీ పైపై పోలికలే చూస్తుంది మామయ్యా. జాబితాలో ఉన్నది ఒక బ్యాక్టీరియా కుటుంబం మొత్తం. అందులో ఒకదానికి మిగతావాటితో చుట్టరికమే లేదని, జన్యువులన్నీ చదివితే తేలింది. అది తడి ట్రేల్లో ఆకుకి మచ్చ పెట్టి ఊరుకుంటుంది, చేలోకి వెళ్తే ఏం చెయ్యదు. నాలుగేళ్ల కిందటే దాన్ని వేరే కుటుంబంలోకి మార్చారు."

"అంటే ఇంటిపేరు మార్చారన్నమాట."

"నాకు మారినట్టే. సొంత పేరు అలాగే ఉంచారు. మీ షెడ్డులోది అదో కాదో చెప్పాలంటే బతికున్న బ్యాక్టీరియా కావాలి. మచ్చల ఆకులు పంపండి."

"మచ్చల ఆకు ఒక్కటీ మిగల్లేదమ్మా."

"మామయ్యా, మళ్లీ గిల్లించేశారా?"

"శుభ్రం చేయించాను."

"సాక్ష్యం తగలబెట్టి నిర్దోషినంటే ఎవరు నమ్ముతారండీ?"

తనిఖీ ఉందని తెలిసి ముందురోజే మచ్చ కనిపించిన ప్రతి ఆకూ గిల్లించి కాల్పించాను. మా కళ్లు తప్పించుకున్న ఆ ఒక్క ఆకూ అధికారి సంచిలో నలిగిపోయింది.

బుధవారమంతా నలుగురం భూతద్దాలు పట్టుకుని ట్రేలన్నీ గాలించాం. ఒక్క మచ్చా దొరకలేదు. ఇన్నేళ్లూ దాచినదాన్ని వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా పనివాళ్లు గిల్లడంలో అంత ఆరితేరారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వంటింటి కిటికీ దగ్గర కుండీలకు నీళ్లు పోస్తోంది. చివరి కుండీలో టమాటా మొక్క. కింది ఆకుల మీద నల్ల చుక్కలు, చుట్టూ పసుపు అంచు. పక్కనే మా షెడ్డు బ్యాచి నంబరు పుల్ల, గుచ్చింది గుచ్చినట్టే ఉంది.

"ఇదెక్కడిది?"

"మీరు పారేయమన్న ట్రేలోది. అమ్ముడుపోనివన్నీ చేరేది నా దగ్గరికే కదా."

"దాన్ని ముట్టుకోకు."

"ఇరవై రోజులుగా నీళ్లు పోస్తున్నది నేను. ఇప్పుడు ముట్టుకోకూడదా?"

కుండీ చంకలో పెట్టుకుని బయల్దేరబోతుంటే కోడలు ఫోన్‌లోనే ఆపింది. "మీరు తేవద్దు. ఆ అధికారినే వచ్చి సీలు వేసి పంపమనండి. పరీక్ష నేను చెయ్యను, సంతకం నేను పెట్టను. కోడలు రాసిచ్చిన కాగితాన్ని ఎవరూ లెక్కచెయ్యరు."

ఈ పిల్లను నా నర్సరీ వ్యాపారంలో కూర్చోబెట్టలేకపోయానని నాకు ఎప్పుడూ ఒక లోటే.

గడువుకు ఒక రోజు ముందు రిపోర్టు వచ్చింది. అధికారి షెడ్డులోనే నిలబడి, అందులోని పేరును తన జాబితాలో పైనుంచి కింది దాకా వెతికాడు.

"ఈ పేరు ఇందులో లేదే."

"లేదనే కదా సార్ వారం నుంచి మొత్తుకుంటున్నాను."

మళ్లీ ఒకసారి వెతికి, కాల్చివేత ఉత్తర్వు రద్దు చేస్తూ సంతకం పెట్టాడు. ఇక మీద పైనుంచి నీళ్లు చల్లకూడదన్నాడు. మచ్చలొచ్చిన ఆ బ్యాచిలో మిగిలిన రెండు ట్రేలూ, ల్యాబ్ నుంచి తిరిగొచ్చిన కుండీలోని మొక్కా కాల్చమన్నాడు.

ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను.

"అంటే మిమ్మల్ని గట్టెక్కించిన మొక్కనే కాల్చారు."

"బదులు ఇస్తాను."

"ఈసారి పారేసేది వద్దు."

మర్నాడు పొద్దున్నే షెడ్డుకొచ్చింది. నేను పెద్ద రైతుల కోసం పక్కన పెట్టిన ట్రే లోంచి ఒక మొక్క తీసిచ్చాను. వెంటనే తీసుకోలేదు. ఒక్కో ఆకూ తిప్పి, వెనకా ముందూ చూసి, అప్పుడు చెయ్యి చాచింది.