కూలి వద్దన్న రోజు

మాధవి పనిచేసే అరకు రిసార్టుకు అప్పులపాలైన ఓనరు తాళం వేసి చక్కా పోయాడు. ఉద్యోగం పోయిందన్న సంగతి ఆమెకింకా మింగుడు పడకముందే ఇంటి ఓనరు భీముడు గుమ్మంలో నిలబడ్డాడు.

"సీజనొచ్చీసింది. టూరిస్టులు గదులకోసం ఎగబడతన్నారు. ఆదివారంకల్లా కాళీ సేసీయమ్మా."

"సార్, కొన్నాళ్లు ఆగండి," అంది మాధవి. గది పోతే పాచిపెంటలో పుట్టింటికి పోవాలి. పోతే పదో తరగతి చదివే కూతురి చదువు గంగలో కలిసినట్టే.

పక్క గదిలో అద్దెకుండే రత్నకు ఒళ్లు మండింది. భీముడిదీ తనదీ ఒకే గూడెం. నిన్నమొన్నటిదాకా కొండమీద చోడి అంబలి తాగి పెరిగినవాడికి, నాలుగు గదులు వేసి బోర్డు కట్టేసరికి కళ్లు నెత్తికెక్కాయి! అయినా అరిచి లాభం లేదు. అతని తోటలో కాఫీ పళ్లు ముగ్గి రాలిపోతున్నాయి. కూలీలంతా హోటళ్ల పనికి దిగిపోయారు. ఆ సంగతి రత్నకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఆ వరస గదుల్లో ఆడవాళ్లందరినీ వెంటేసుకుని తోటకెక్కింది. మాధవి నడుముకు బుట్ట కట్టింది.

"నాకు చేతకాదక్కా."

"ఎర్రవి కొయ్యి, పచ్చవి వదిలీ. అంతే. బేగి పద."

భీముడి సంబరం చూడాలి! పరుగున ఇంటికెళ్లి కుండెడు అంబలి మోసుకొచ్చి, సొరకాయ బుర్రతో తనే అందరికీ పోశాడు. సాయంత్రం జేబులోంచి నోట్లు తీశాడు. రత్న ఆ చెయ్యి వెనక్కి నెట్టింది.

"కూలొద్దు మావా. సాయం పనికొచ్చినాం. నీ సేత్తోనే అంబలి పోసినావు. మన గూడెం కట్టుబాటు మర్సిపోనావేటి?"

భీముడు మరిచిపోలేదు. కూలి తీసుకుంటే లెక్క అక్కడితో సరి. కూలి లేకుండా చేసి, ఇంటివాడు పోసిన అంబలి తాగినవాళ్లు తర్వాత ఏ సాయం అడిగినా ఆ ఇంటివాడు కాదనకూడదు. అతని తండ్రి ఇల్లు కాలిపోతే మళ్లీ లేచింది ఇలాంటి సాయంతోనే.

"అవసరం ఎవులికి?" అన్నాడు, తెలిసే.

రత్న మాధవిని ముందుకు తోసింది. "నువ్వే అడగాల."

మాధవి తల దించలేదు. "నాకు ఇంకో పని దొరికేదాకా గదిలోంచి పొమ్మనకు మావా. అద్దె ఎగ్గొట్టను. పని దొరికాక తీర్చేస్తాను."

భీముడు తోటవైపు చూశాడు. సగం చెట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నోట్లు జేబులో పెట్టుకుని, కుండ వంచి మిగిలిన అంబలి బుర్రలో పోసి మాధవికి అందించాడు.

"తాగీసి బేగి దిగండమ్మా. సీకటడిపోతంది. నీ ఆడగుంట ఇంటికాడ ఎదురుసూత్తంటాది."

గది అనలేదు, ఇంటికాడ అన్నాడు. రిసార్టుకు తాళం పడ్డ రోజున కూడా ఏడవని మాధవి, అంబలి బుర్రను రెండు చేతులతో పట్టుకుని భోరుమంది.