జీపుకు ముందు నేను

నేను ఒక మంచు తోసే బ్లేడును. వంపు తిరిగిన మందపాటి ఉక్కు రేకును. హిమాలయాల్లో ఒక లోయ అంచున, ఓ ముసలి జీపు ముక్కుకు బిగించి ఉంటాను. జీపును చూసి జనం నవ్వుతారు. నన్ను చూసి పక్కకు తప్పుకుంటారు.

నన్ను చేసింది తవిటినాయుడు. శ్రీకాకుళం నుంచి సైన్యంలో మెకానిక్కుగా ఈ కొండలకు వచ్చి, ఇక్కడి యాంగ్‌చెన్‌ను పెళ్ళాడి, ఉద్యోగం ముగిశాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. పాడుబడ్డ డీజిల్ ట్యాంకు లోంచి నన్ను కోశాడు. చేసింది అతనైనా నడిపింది యాంగ్‌చెన్. అతని చూపు మసక. తెల్లటి మంచులో దారి ఆనదు. ఆమె ఆ దారుల్లోనే గొర్రెల వెంట పెరిగింది. మొగుడి దగ్గర నేర్చుకున్న తెలుగులోనే నన్నూ అదిలించేది.

పోయిన చలికాలం మంచు కింద దాగిన బండరాయి నాకు తగిలింది. అలాంటప్పుడు వెనక్కి వాలి దెబ్బ తప్పించుకోవడానికి నా వీపున రెండు స్ప్రింగులున్నాయి. అవి తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. నేను వాలలేకపోయాను. నన్ను జీపుకు పట్టి ఉంచే ఇనుప చెవి చిరిగిపోయింది. జీపు జారి దారి పక్క గోడకు కొట్టుకుంది.

"ఆడదాని చేతికి బండి ఇస్తే ఇంతే," అంది ఊరు. మనుషులకు తీర్పు చెప్పడం రెంచీ పట్టుకోవడం కన్నా తేలిక. యాంగ్‌చెన్ తాళంచెవి మేకుకు తగిలించి మళ్ళీ ముట్టలేదు. నేను షెడ్డు వెనక కోళ్ళకు అరుగునయ్యాను.

ఈ ఏడు మంచు ముందే పడింది. ఊరి గొర్రెలన్నీ ఇంకా పైన మేత మైదానంలోని రాతి దొడ్డిలోనే ఉన్నాయి. వాటితో యాంగ్‌చెన్ అన్న ఫుంచోగ్ కూడా. పైన గడ్డి అయిపోవచ్చింది. రోడ్డు మీది మంచు తీసే పెద్ద యంత్రం మరో లోయలో ఇరుక్కుంది.

తవిటినాయుడు నన్ను ఈడ్చుకొచ్చి స్ప్రింగులు ఊడదీశాడు. ఒకదాన్ని అరచేతిలో పట్టుకుని నొక్కి చూశాడు.

"ఒలే, ఇటు సూడు. ఇది కదల్నేదు. తప్పు నీది కాదు. దీనికి నూనె రాయనిది నేను."

"మరి ఊరోళ్ళు అన్నప్పుడు సెప్పనేదేటి మావా?"

"అప్పుడు విప్పి సూడనేదు. నేనూ ఆల్లలాగే అనుకున్నాను."

యాంగ్‌చెన్ పటకారు అందుకుని నా వంగిన మూలను కొలిమిలో పెట్టింది. అతను సమ్మెటతో కొట్టాడు. చెవికి కొత్త పట్టీ అతికించాడు. లారీ అడుగున ఉండే గట్టి ఉక్కు కమానుపట్టీ కోసి నాకు పదునైన అంచు వేశాడు. కొత్త స్ప్రింగులు నూనె తాగాయి. ఇక జీపు నా దగ్గరకు రావాలి. ఆమె మేకు మీది తాళంచెవి తీసింది.

"రా... ఇంకాస్త... ఆగు!" అని కేకేశాడతను. జీపు రంధ్రాలూ నా రంధ్రాలూ కలిశాయి. చీల ఒక్క దెబ్బకు దిగింది. ఆ చప్పుడు విన్నప్పుడు నా ఒళ్ళంతా మోగింది.

వెనక గడ్డిమోపులు కట్టి, ఆమె పక్కన అతను కూర్చోగా బయలుదేరాం. మొదటి మలుపులో మంచు నా తల మీదుగా పొర్లింది. రెండో మలుపు దాటాక రాయి తగిలింది. జీపు ఒక్కసారి అదిరింది. నేను వెనక్కి వాలాను, రాయిని దాటాను, మళ్ళీ నిటారుగా నిలిచాను.

"వాలింది మావా!" అని అరిచింది. ఆ తర్వాత పెడల్ మీద ఆమె కాలు తడబడలేదు.

దొడ్డి దగ్గర ఫుంచోగ్ చేతులూపుతూ మంచులో పడుతూ లేస్తూ వచ్చాడు. చెల్లెల్ని చూసి, నన్ను చూసి, అక్కడే కూలబడి ఏడ్చాడు. గొర్రెలకు గడ్డి వేశాక, నేను చీల్చిన దారిలో, రెండు తెల్లగోడల మధ్య మంద ఊళ్ళోకి దిగింది. నా వెనక అంత ఊరేగింపు నడుస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

మంచు కరిగాక తవిటినాయుడు నాకు పసుపు రంగు వేయడానికి డబ్బా తెరిచాడు. నా అంచు నిండా రాళ్ళు గీసిన గీతలు. యాంగ్‌చెన్ వచ్చి అతని కుంచె పక్కకు పెట్టింది.

"అయి అలాగుండనీ మావా. నేను బండి నడిపితే పడ్డ గీతలు."