తలుపు లేని జీపు

మంచాల సాంబయ్య జీపు తయారుచేస్తున్నాడని తెలిసిన రోజు హన్మకొండ చౌరస్తాలో నవ్వనివాడు లేడు. నవ్వినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. సాంబయ్యకు బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన పని ఒక్కటే: ఇనుప పైపులు కోసి, వంచి, వెల్డింగు పెట్టి మంచాలు చేయడం. ఆయన చేసిన మంచం మీద నలుగురు పిల్లలు ఎగిరినా కిర్రుమనదు. ఆ సంగతి ఊరంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది ఒక్క మనిషే, ఆయన అత్త మొగిలమ్మ.

మొగిలమ్మది పాలకుర్తి పక్కన పల్లె. సంబంధం తెచ్చిన పెద్దమనిషి "పిలగాడు ఇనుప పని చేస్తడు" అంటే, డోర్నకల్‌లో రైలింజన్లు బాగుచేస్తాడు కాబోలని ఆమె తనకు తానే అనుకుంది. పెళ్లయ్యాక వచ్చి చూస్తే ఇంజన్లు లేవు, మంచాలున్నాయి. ఆ కోపం పన్నెండేళ్లయినా చల్లారలేదు. అల్లుడు ప్రేమగా చేసి పంపిన ఇనుప మంచం మీద ఆమె మిరపకాయలు ఎండబోసి, తాను మాత్రం పాత నులక మంచం మీదే పడుకునేది. అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. ఆయన ఎదురుగా కూర్చున్నా సరే, "మీ మొగనికి చెప్పు, బువ్వ సల్లారుతాంది" అని బిడ్డ కళావతితో అనేది. కళావతి ఇంట్లో లేకపోతే గోడతో అనేది. సాంబయ్య కూడా అలవాటుపడి గోడకే జవాబిచ్చేవాడు.

అలాంటి మొగిలమ్మకు పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో మోకాళ్లు పోయాయి, కళావతి ఆమెను హన్మకొండకు తెచ్చుకుంది. పోతే పోయాయి, కూర్చుని తినే వయసే కదా అంటే, ఆమెకొక మొక్కు మిగిలిపోయింది. మూడేళ్ల కింద ఆమె బర్రెకు జబ్బు చేసినప్పుడు, పాలకుర్తి గుట్ట ఎక్కి కొబ్బరికాయ కొడతానని మొక్కుకుందట. ఈ రోజు, రేపు అంటుండగానే కాళ్లు ఎదురుతిరిగాయి. వింత ఏమిటంటే, మొక్కిన నెలకే ఆ బర్రె చచ్చిపోయింది.

"సచ్చిన బర్రెకు మొక్కేందత్తా?" అని సాంబయ్య ఒకసారి గోడనడిగాడు.

"మొక్కు మొక్కే," అంది మొగిలమ్మ గోడతో. "తీర్చకుండ సస్తే నా పాణం గుట్ట కిందనే తిరుగుతది." అంటూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. పన్నెండేళ్లలో ఆమె ఏడవడం సాంబయ్య చూడలేదు. తిట్టే అత్తను ఎలాగో భరించాడు గానీ, ఏడ్చే అత్తను భరించడం ఆయన వల్ల కాలేదు.

డోలీ కట్టిస్తామని ఊళ్లో వాళ్లన్నారు. "నలుగురు మోసేది మనిషికి ఒక్కపారే. బతికుండంగ మోయించుకోను," అని ఆమె తెగేసి చెప్పింది. గుట్టకు బండిదారి లేదు. ముందువైపు మెట్లు, వెనకవైపు మేకలు ఎక్కే ఏటవాలు బండలు. ఆ బండల మీద పాకగలిగే బండి ఒకటి చేయాలని సాంబయ్య నిశ్చయించుకున్నాడు. అత్త మొక్కు తీరాలి, ఆమె నోటితో ఒక్కసారి "అల్లుడా" అనిపించుకోవాలి. ఆయనకు కావలసింది అంతే.

తొర్రూరులో వెంకట్రాజం గారి పత్తి మిల్లు వెనక ఒక మిలిటరీ జీపు ఏళ్ల తరబడి పడి ఉంది. వేలంలో ఎందుకు కొన్నాడో ఆయనకే గుర్తులేదు. అందులో కోళ్లు పొదుగుతున్నాయి. ఆరు మంచాలిచ్చి సాంబయ్య దాన్ని తెచ్చుకున్నాడు. రేకు పట్టుకుంటే చేతిలోకి ఊడివచ్చింది. ఇంజను, చక్రాలు, కింది చట్రం మాత్రం గట్టిగా ఉన్నాయి. నడపడానికి పక్కింటి కట్టయ్య ఉన్నాడు. మిలిటరీలో ఇరవై ఏళ్లు జీపే తోలి వచ్చిన మనిషి, ఇప్పుడు తోలడానికి సైకిలు కూడా లేక నీరసించిపోయి ఉన్నాడు.

"నాలుగు చక్రాలకూ బలమున్న బండిరా ఇది," అన్నాడు కట్టయ్య బోనెట్ నిమురుతూ. "పై బరువు తగ్గించు, గోడైనా ఎక్కుతది. లద్దాఖ్‌ల నేను ఎక్కని గుట్ట లేదు."

సాంబయ్య రేకంతా కోసి పారేశాడు. దాని చోట మంచం పైపులతో పంజరం కట్టాడు. అటు నాలుగు నిలువు, ఇటు నాలుగు నిలువు, పైన అడ్డం. తనకు వచ్చిన కొలతలే వాడాడు, ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. సీట్లకు నవారు అల్లాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, "సాంబన్నా, దీనికి పరుపెప్పుడేస్తవే?" అని అడిగి పోయేవారు. ఆయన పట్టించుకోలేదు. పక్కలకు పైపులు కట్టకముందే కట్టయ్య దాన్ని ఖిలా పక్క రాళ్ల మీద ఎక్కించి దించి చూపించాడు. ఆ రోజు నవ్వులు సగం తగ్గాయి.

బండి పూజ రోజు పొద్దున మిగిలిన పని ముగించి, సాంబయ్య చేతులు కడుక్కున్నాడు. కళావతి పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, హారతిచ్చింది. మొగిలమ్మ ఒడిలో కొబ్బరికాయతో స్టూలు మీద కూర్చుని చూస్తోంది. కట్టయ్య తన పాత మిలిటరీ టోపీ పెట్టుకుని జీపు దగ్గరికి నడిచాడు. కుడివైపు నుంచి ఎడమవైపుకు వెళ్లాడు. మళ్లీ కుడివైపుకు వచ్చాడు.

"సాంబయ్యా," అన్నాడు నెమ్మదిగా, "లోపటికి ఎట్ల పోవాల్నే?"

సాంబయ్య చూశాడు. మంచాలు చేసే చెయ్యి కదా, ఎదురుగా ఉన్న చతురస్రాన్ని తెరిచి ఉంచడం దానికి తెలియదు. పొద్దున చివరి పని అంటూ రెండు పక్కలా పైపులు అడ్డంగా బిగించి, నాలుగు వైపులా మూసేశాడు. మంచానికి తలుపెవడు పెడతాడు?

గుమిగూడిన జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. సాంబయ్య సిగ్గుతో రంపం అందుకున్నాడు. కళావతి అడ్డం వచ్చింది.

"పసుపు వెట్టినంక బండికి రంపం వెడ్తరా? అపశకునం."

"మరెట్ల?"

"ఎట్లనో ఎక్కుతరు. రంపమైతే తగలొద్దు."

ఇక మిగిలిన దారి పైన అడ్డపైపుల సందులోంచే. కట్టయ్య గోడ దూకే దొంగలా పైకెక్కి లోపలికి జారాడు. మొగిలమ్మకు నిచ్చెన వేశారు. మోకాళ్లు లేవని మూడు నెలలుగా మంచం దిగని మనిషి, నిచ్చెన ఒక్కో మెట్టు మీదా అల్లుడి వంశంలో ఒక్కొక్కరిని తలుచుకుంటూ పైకి చేరింది. కళావతి కింద నుంచి పట్టుకుంటే, కట్టయ్య లోపలి నుంచి అందుకుని నవారు సీట్లోకి దించాడు.

"మీ మొగనికి చెప్పు," అంది లోపలి నుంచి, "బోనుల చిలుకను చేసిండని."

కదలకుండా ఆమెను మిగిలిన నవారుతో సీటుకు రెండు చుట్లు చుట్టి కట్టారు. సాంబయ్య, కళావతి పైపులు పట్టుకుని వెనకాల బంపరు మీద నిలబడ్డారు. పాలకుర్తి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది.

గుట్ట వెనకవైపు దగ్గర అందరూ దిగారు, మొగిలమ్మ, కట్టయ్య తప్ప. సాంబయ్య చేతిలో చెక్కదిమ్మ పట్టుకుని, బండి ఆగినచోటల్లా చక్రం వెనక పెడుతూ పక్కన నడిచాడు. కట్టయ్య చిన్న గేరు వేశాడు. జీపు ఉడుములా బండను కరుచుకుని ఎక్కసాగింది. ఒక చక్రం గాలిలోకి లేచినా మిగిలిన మూడు లాగుతున్నాయి. మేకల కాపరులు మేకలను వదిలేసి వెంటపడ్డారు. సాంబయ్యకు ఛాతీ నిండిపోయింది.

చివరి బండ దగ్గర ఎడమ చక్రం కింద పలుకురాయి ఒకటి పగిలింది. జీపు తొందరేమీ లేనట్టు పక్కకు ఒరిగింది. ఒరిగి, తలకిందులై, పూర్తిగా ఒక పల్టీ కొట్టి, కింది బండ మీద మళ్లీ నాలుగు చక్రాల మీదే నిలబడింది. ఇంజను ఆగిపోయింది. సాంబయ్య చేతిలో దిమ్మ పారేసి పరుగెత్తాడు. మొక్కు, మర్యాద, ఏదీ గుర్తులేదు, ఆమె బతికి ఉంటే చాలనుకున్నాడు.

"అత్తా, అత్తా!"

నవారు చుట్లలో మొగిలమ్మ కూర్చున్నచోటే కూర్చుని ఉంది. కొప్పు ఊడింది, అంతే. ఒడిలో కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది.

"పలుగలేదు," అంది. తర్వాత చుట్టూ ఉన్న పైపులను ఒక్కొక్కటిగా చేత్తో తట్టి చూసింది. ఒక్కటీ వంగలేదు, ఒక్క అతుకూ విడలేదు. ఆ పక్కన తలుపే ఉండి ఉంటే ఆమె ఎక్కడ తేలేదో అందరికీ అర్థమైంది.

"కట్టయ్యా, ఇంక కూసున్నవేంది? తోలు."

టోపీ పోగొట్టుకున్న కట్టయ్య లద్దాఖ్ ఊసెత్తకుండా ఇంజను తిప్పాడు. ఈసారి బండి పక్కకు తిరిగి, చదునుగా ఉన్న వాలు మీదుగా గుట్టపైకి చేరింది. పైపుల మీదుగా మొగిలమ్మను దించి, చెరో పక్క పట్టుకుని గుడి ముందుకు నడిపించారు. బర్రె మొక్కు కథ ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు, పూజారికీ తెలుసు.

"ఎవరి పేరు మీద చేయమంటవమ్మా?" అన్నాడు కొబ్బరికాయ అందుకుంటూ.

"సాంబయ్య."

పూజారి ఆగాడు. "బర్రెకు సాంబయ్య అని పేరు వెట్టినవా?"

కట్టయ్య ఫక్కున నవ్వాడు. మొగిలమ్మ నవ్వలేదు.

"బర్రెదేముంది పంతులూ, ఉంటే ఉంటది, పోతే పోతది. మా కళావతి మొగడు. మూడేండ్ల కింద పసిరికలై, ఒళ్లంత పచ్చవడి, పెద్ద దవాఖానల పదకొండు దినాలు కండ్లు తెరువలే. గప్పుడు మొక్కిన."

సాంబయ్య అత్త వంక చూశాడు. కళావతి కూడా తల్లి వంకే చూస్తోంది, ఆమెకూ ఈ సంగతి ఇప్పుడే తెలిసింది.

"మరి బర్రెకని చెప్పినవ్ గదత్తా," అన్నాడు సాంబయ్య.

మొగిలమ్మ అలవాటు కొద్దీ పక్కనున్న స్తంభం వైపు తిరిగింది. "మంచాలు జేసేటోనికి మొక్కిన్నని చెప్తే, ఇన్నేండ్లు తిట్టిన నా మొకమేంగావాలె?" అంది దానితో.

పూజారి గొంతు సవరించుకుని గోత్రం అడిగాడు. మొగిలమ్మ స్తంభాన్ని వదిలి, సాంబయ్య వైపు తిరిగింది.

"గోత్రం చెప్పు అల్లుడా, పంతులు అడుగుతాండు."

సాంబయ్యకు తన గోత్రం ఏమిటో ఎంతకూ గుర్తుకు రాలేదు.