ఆవిడ లేవని సినిమా

కొత్త సినిమా వచ్చిన రోజు మ్యాట్నీకి వెళ్ళడం, ఇంటికొచ్చి టీ పెట్టుకుని వారపత్రికకి వ్యాసం రాయడం, మర్నాడు పొద్దున్నే దాన్ని ఆఫీసులో ఇచ్చి రావడం. ఏళ్ళ తరబడి ఆవిడ రోజులు ఇలాగే గడిచాయి. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆవిడని సినిమా అక్క అనేవాళ్ళు. సొంత అన్నయ్య కూడా అలాగే పిలిచేవాడు.

ఆవిడ రాసేవి సమీక్షలనడానికి లేదు. ఏ సీను చూస్తుంటే అత్తగారితో పడ్డ పాత గొడవ గుర్తొచ్చిందో, ఏ పాటకి పక్కసీటాయన చాటుగా ముక్కు చీదాడో, అలాంటివన్నీ కలిపి కబుర్లాడుతున్నట్టు రాసేది. అయితే పాఠకులు ముందు చూసేది వ్యాసం కింద ఉండే చిన్న పెట్టెని. అందులో కొలత ఉండేది. సినిమా మనసుకి తాకితే ఆవిడ సీట్లోంచి లేచేది. లేచి నిలబడటం కాదు, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గాల్లోకి లేచేది. ఫరవాలేదనిపిస్తే బెత్తెడు, బాగుంటే జానెడు, మరీ బాగుంటే మూరెడు. ఒకసారి పాత సినిమా ఏదో మళ్ళీ వేస్తే బారెడు లేచి, తల ఫ్యానుకి తగలబోయింది. థియేటరు మేనేజరు మర్నాడే ఆ ఫ్యాను తీయించేశాడు. ఉక్కపోస్తోందని చుట్టుపక్కలవాళ్ళు విసుక్కున్నారు. వెనక వరసవాళ్ళు, "కాస్త పక్కకి తేలండక్కా, తెర కనబడట్లేదు" అనేవాళ్ళు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆవిడ భర్తకి కళ్ళజోళ్ళ దుకాణం. తెర ముందు కూర్చోబెడితే చాలు, ఆయనకి నిద్ర ముంచుకొచ్చేది. అయినా ప్రతి మ్యాట్నీకీ దుకాణం మూసి వచ్చి, మరీ పైకి పోకుండా భార్య మణికట్టు పట్టుకుని కూర్చునేవాడు. గుర్రు పెడుతూ కూడా పట్టు వదిలేవాడు కాదు.

ఎండాకాలంలో ఒక పొద్దున, ఎవరి కళ్ళజోడుకో అద్దం బిగిస్తూ బిగిస్తూ ఆయన బల్లమీదే వాలిపోయాడు, మరి లేవలేదు.

ఆ తర్వాత ఆవిడ లేవడం మానేసింది. అంతటితో ఆగితే బాగుండేది. బరువెక్కడం మొదలైంది. మనిషి చూడటానికి అలాగే ఉంది, ఆ మాటకొస్తే చిక్కింది కూడా. కానీ మంచం పట్టెలు విరిగాయి. ఆటో ఎక్కితే చక్రం నేలకి అతుక్కుంది. డాక్టరు తూకం మిషను ఎక్కిస్తే ముల్లు చివరిదాకా పోయి అక్కడే ఆగిపోయింది. రక్తం బాగానే ఉందమ్మా, కాస్త నిద్రపోండి అన్నాడాయన. థియేటర్లో సీటు విరిగిన రోజు మేనేజరు నోరెత్తకుండా ఇనప కుర్చీ వేయించాడు.

కష్టం తనొక్కదానిదే అయుంటే ఆవిడ ఎలాగో మోసేది. కానీ పెట్టెలో 'లేవలేదు' అని వచ్చిన సినిమాకి జనం వెళ్ళడం మానేశారు. ఒకటి పోయింది, రెండోది పోయింది. మూడోదాంట్లో ప్రాణం పెట్టి నటించిన అమ్మాయి నటన వదిలేసి ఊరెళ్ళిపోయిందని తెలిసిన రోజు ఆవిడకి ముద్ద దిగలేదు. అప్పట్నుంచి రోజుకి రెండు ఆటలు చూసింది. చీకట్లో పళ్ళు బిగబట్టి, లే, లే అని తనకి తనే చెప్పుకుంది. ఇనప కుర్చీ కాళ్ళు గచ్చులోకి ఇంకాస్త దిగాయి, అంతే.

ఆ రోజుల్లోనే ఒక కొత్త దర్శకుడు మొదటి సినిమా తీశాడు. పేరున్న నటులు లేరు. అద్దె గదిలో ఒంటరిగా ఉండే ముసలాయన కథ. చెప్పులరిగేలా తిరిగి ఎలాగో విడుదల చేయించుకుని, ఆవిడకి పాసు ఇవ్వడానికి ఇంటికి తనే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "మూరెడు వద్దమ్మా, బెత్తెడు లేస్తే చాలు. నేను బతికిపోతాను" అని నవ్వాడు. ఆవిడ పాసు తీసుకుంది గానీ అతని మొహంలోకి చూడలేకపోయింది.

సినిమా బాగుంది. బాగుందని ఆవిడకి బుర్రతో సహా ఒళ్ళంతా తెలుస్తూనే ఉంది. కానీ ఇంటర్వెల్‌కి కుర్చీలోంచి లేవడానికే గేటు దగ్గరి మనిషి సాయం పట్టాల్సి వచ్చింది.

మర్నాడు పత్రికాఫీసుకి వెళ్ళి, పెట్టె తీసేయమని సంపాదకుడిని అడిగింది. ఇది సినిమా కొలత కాదనీ, తన కొలత అనీ, నలుగురి నోటికాడ కూడు తీసే పని ఇక తన వల్ల కాదనీ చెప్పింది.

సంపాదకుడు చెడ్డవాడు కాదు. ఆవిడ భర్త దగ్గర కళ్ళజోడు చేయించుకున్న మనిషే. ఆ కళ్ళజోడే తీసి తుడుచుకుంటూ అన్నాడు:

"మీ కష్టం పాఠకుడికి తెలుసక్కా. అయ్యో పాపం అంటాడు. అన్నాక కిందికి చూస్తాడు, పెట్టె ఏదీ అని."

ఆవిడ కొలత రాయకుండానే వ్యాసం ఇచ్చి వచ్చింది. సంపాదకుడు థియేటరుకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆదివారం పత్రిక తెరిస్తే పెట్టె ఉండాల్సినచోటే ఉంది. అందులో 'లేవలేదు' అని ఉంది.

సోమవారం మ్యాట్నీకి ఆవిడ మళ్ళీ అదే సినిమాకి వెళ్ళింది. ఎందుకెళ్ళిందో తనకే సరిగ్గా తెలియదు. అంత హాల్లో వేళ్ళమీద లెక్కపెట్టే జనం. ఇంటర్వెల్‌లో దీపాలు వెలిగాక చూస్తే, చివరి వరసలో దర్శకుడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. జనం టీ కోసం కిందికి పోతుంటే అతను మాత్రం మెట్లెక్కి పైకి వెళ్ళాడు. పైన బాల్కనీ మూసేసి చాలా కాలమైంది. అక్కడ అతనికి పనేమీ లేదు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ మూలుగుతుంటే, వెనకే ఎక్కింది.

మూడో అంతస్తులో పోస్టర్లు కట్టే వరండా ఉంది. దాని పిట్టగోడ నడుమెత్తు కూడా లేదు. అతను గోడ మీద నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు.

"దిగు బాబూ" అంది ఆవిడ గోడ దగ్గరికి వస్తూ.

"మీరు వెళ్ళిపోండమ్మా. మీ తప్పేం లేదు. మీరు అబద్ధం రాయలేరు కదా."

"నిజం కూడా రాయలేదు. నీతో చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది."

అతను తల తిప్పాడు. తిప్పడంలో కాలు జారిందో, తనే వదిలేసుకున్నాడో తర్వాత అతనికీ గుర్తు లేదు. మనిషి గోడ అవతలికి పోయాడు. ఆవిడ రెండు చేతులా అతని మణికట్టు దొరకబుచ్చుకుంది.

ఆ ఊపుకి మామూలు మనిషైతే అతనితోపాటే పోయేది. ఆవిడ అంగుళం కదల్లేదు. చెప్పుల కింద గచ్చు నెర్రెలు విచ్చింది. పిట్టగోడ అంచు మోచేతుల్ని చీరేసింది. భుజం కీలు తప్పిన చప్పుడు ఆవిడకి వినబడింది కూడా.

"వదిలేయండమ్మా. మీరూ పడతారు" అన్నాడు కింద వేలాడుతూ.

"నేను పడను" అంది ఆవిడ. "ఈ మధ్య నన్ను కదపడం ఎవరి వల్లా కావట్లేదు."

మేనేజరూ గేటు దగ్గరి మనిషీ పరిగెత్తుకొచ్చి అతన్ని పైకి లాగేదాకా ఆవిడ అలాగే పాతేసిన రాయిలా నిలబడింది. లాగాక మేనేజరు మంచినీళ్ళకీ డాక్టరుకీ మనిషిని పంపి, తను మెట్ల దగ్గరే కాపలా ఉన్నాడు. వాళ్ళిద్దరూ వరండాలో గోడకి ఆనుకుని కూలబడ్డారు. అతనికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారని అడిగాడు. నచ్చని సినిమావాడు ఉంటే ఎంత, పోతే ఎంత అన్నాడు.

భుజం నొప్పికి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నీ సినిమాలో ముసలాయన ఒక్కడే దుప్పటి మడతపెడతాడు చూడు" అంది. "అవతలి కొస పట్టుకునేవాళ్ళు లేక, దాన్ని తలుపు గడియకి కట్టి మడతపెడతాడు. మావారు పోయినప్పట్నుంచి మా ఇంట్లో ఒక్క దుప్పటీ మడత పడలేదు. ఉతికినవి ఉతికినట్టే కుప్పగా పడున్నాయి. నీ సినిమా చూసిన సాయంత్రం ఇంటికెళ్ళి, అన్నిటినీ గడియకి కట్టి మడతపెట్టుకున్నాను. లేవలేదు, నిజమే. లేవాలంటే ముందు తెల్లారి మంచం దిగాలనిపించాలి కదా. ఆ మర్నాడు అనిపించింది."

అతను మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ మంచి చెయ్యి అతని వీపు మీద వేసింది. ఆ చేతి బరువుకి అతను కాస్త వంగాడు గానీ తీయమనలేదు.

ఆ సినిమాని శుక్రవారం ఎత్తేశారు. ఆవిడ మళ్ళీ రాసినా, పెట్టె లేకుండా వేయించినా, దాన్ని ఎత్తేయకుండా ఎవరూ ఆపలేకపోయారు. అది వేరే సంగతి. ఆ సోమవారం మధ్యాహ్నం మాత్రం, వరండాలోనే, అతను మొహం తుడుచుకుని ఆవిడని ఫోన్ అడిగి తీసుకున్నాడు. తనది కిందపడి ముక్కలైంది. నంబరు రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి అవతల ఎవరో ఎత్తారు.

"అమ్మా, నేనే" అన్నాడు. "ఏం లేదు. వస్తున్నా. అన్నం ఉంచు."