ఎవర్నీ వదిలిపోని బండి

మార్కాపురంలో పొద్దున్నే లేచి ధనుంజయ చేసే మొదటి పని టీ తాగడం, రెండో పని తన లారీని తిట్టడం. టీ బాగున్నరోజు తిట్లు కాస్త తగ్గేవి. మిలిటరీవాళ్ళు పాతబండ్లను వేలం వేస్తే పాడుకొని తెచ్చుకున్న లారీ అది. పచ్చరంగు వెలిసిపోయి ఎండిన గోరింటాకులాగా అయింది గానీ, గనిలోంచి పలకరాయి వేసుకొని మిట్ట ఎక్కేటప్పుడు మాత్రం ఏనాడూ ఆయాసపడలేదు.

దాంతో ఉన్న చిక్కల్లా ఒకటే. తన మీద ఎక్కి వచ్చిన మనిషిని వదిలిపెట్టి అది కదలదు. సైన్యంలో అలవాటైన పద్ధతి. ఎవరైనా తిరిగి దాంట్లో రాదలుచుకోకపోతే బానెట్ మీద చెయ్యివేసి, "నేను పోతుండా" అని చెప్పి పోవాలి. చెప్పకుండా పోతే బండి అక్కడే. ఈ సంగతి ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. కొమరోలులో పెళ్ళికి మాట్లాడుకున్నప్పుడు, తిని నిద్రపోయిన పెళ్ళికొడుకు మేనమామను మంచంతో సహా మోసుకొచ్చి ఎక్కించేదాకా పెళ్ళివారంతా బండిలో కూర్చుని చెమటలు తుడుచుకున్నారు. పెళ్ళాంతో పోట్లాడి ఆమెను గిద్దలూరు సంతలో వదిలేసి రావాలని చూసిన శ్రీరాములైతే సంతంతా తిరిగి, బతిమాలి, గాజులు కూడా కొనిపెట్టి తెచ్చుకున్నాడు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. గాజులు బాగున్నాయన్నారు.

ఊరికిది ముచ్చటే. ధనుంజయకు మాత్రం ప్రాణసంకటం. అందుకు కారణం నాగరాజు. గనిలో రాయి ఎత్తే కూలి. పని అయ్యాక ఇంటికి బయలుదేరే వేళకు రాళ్ళగుట్ట వెనక నక్కి కూర్చునేవాడు. బండి కదిలేది కాదు. ధనుంజయ చెట్టూ పుట్టా వెతుకుతూ పిలుస్తుంటే కాసేపు చూసి ఆనందించి, అప్పుడు పళ్ళికిలిస్తూ వచ్చేవాడు. ఇట్లా లోడ్లు ఆలస్యమై ఆలస్యమై, చివరికి పలకల ఫ్యాక్టరీ యజమాని ఇంకొక్కసారి లేటైతే వేరే టిప్పర్ని పెట్టుకుంటానని తెగేసి చెప్పాడు. ధనుంజయకు ఉన్న గిరాకీ ఆ ఒక్క ఫ్యాక్టరీయే. ఆలోచించి ఆలోచించి బండిని పాతఇనుముకు అమ్మేసి, ఎవరి టిప్పరో తోలుకుందామని నిశ్చయించుకున్నాడు.

కురిచేడు నుంచి పాతఇనుము వ్యాపారి ఆదినారాయణ చెవిలో బలపం పెట్టుకొని వచ్చాడు. బండి లోపలా బయటా తట్టి చూసి, కోయవలసిన చోటల్లా తెల్లగా గీతలు గీశాడు. ఇంజన్ మిట్ట మీద ఎట్లా లాగుతుందో చూడాలని కేబిన్‌లో కూర్చుని గనికి కూడా వచ్చాడు. దారిపొడుగునా ఆయన ఫోన్‌లో సన్నాయి మోగుతూనే ఉంది. మధ్యాహ్నం ఆయన రోడ్డు మీద ఆటో ఎక్కుతానని బయలుదేరుతుంటే, కూలీల్లో పెద్దదైన పుల్లమ్మ అడిగింది.

"బండికి చెప్పినావా అన్నా?"

"రేపు కోసేదానికి చెప్పేదేముంది తల్లీ," అని నవ్వుతూ పోయాడు.

సాయంత్రం లోడ్ నిండింది. దూరంగా ఉరుము. ధనుంజయ తాళం తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫ్యాక్టరీ నుంచి అప్పటికే ఫోన్లు వస్తున్నాయి. కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకొని, రాళ్ళగుట్టకు మొక్కుతున్నట్టు నిలబడ్డాడు.

"రేయ్ నాగరాజూ, ఇయ్యాల ఒక్కరోజన్నా నా పరువు కాపాడరా. వచ్చెయ్."

"నేనీడనే ఉండా గదన్నా," అన్నాడు నాగరాజు, లోడ్ పైనుంచి.

ధనుంజయ తలెత్తి చూశాడు. నాగరాజు మొహంలో నవ్వు లేదు. నవ్వులేని ఆ మొహాన్ని అంతవరకూ ఎవరూ చూసి ఉండలేదు. అందరికీ ముందు భయం వేసింది దాన్ని చూసే. కూలీలు ఒకరినొకరు చూసుకున్నారు. అందరూ ఉన్నారు.

పుల్లమ్మకు గుర్తొచ్చింది. కురిచేడాయన చెప్పకుండా పోయినాడని, ఫోన్ చేసి స్పీకర్ పెట్టి బానెట్ మీద పెడితే ఆ ఒక్క మాటా ఆయన నోటితోనే చెప్పించవచ్చని అంది. అది సబబుగానే తోచింది. ధనుంజయ నంబరు నొక్కి, ఫోన్ బానెట్ మీద పెట్టాడు.

సన్నాయి మోగింది. ఫోన్‌లో కాదు. వెనక, ఎప్పుడో రాయి తవ్వి వదిలేసిన నీళ్ళగుంటలోంచి.

పుల్లమ్మ చేతిలో నీళ్ళసీసా జారిపోయింది. అందరూ ఆ సన్నాయి వైపు పరుగెత్తారు.

మధ్యాహ్నం అడ్డదారిన పోదామని ఆదినారాయణ గుంట అంచున నడిచాడు. రాతిచిప్పలు కాళ్ళకింద నుంచి జారాయి. రాయి కోసే మిషన్ల చప్పుడులో ఆయన కేకలు ఎవరికీ వినపడలేదు. ఛాతీ లోతు నీళ్ళలో, విరిగిన కాలుతో, సర్కారుతుమ్మ వేరు పట్టుకొని ఉన్నాడు. ఫోన్ పైన రాతిచిప్పల మధ్య, అందని చోట పడి ఉంది. గొంతు పూర్తిగా పోయింది. బండి కొక్కేనికి మోకు కట్టి నాగరాజు దిగాడు. పైనుంచి అందరూ కలిసి లాగారు. గుంట అంచు మళ్ళీ జారింది, ఈసారి మనిషి బయటికి వచ్చాక.

"టిప్పరైతే ఎప్పుడో పోయుండు గదన్నా," అన్నాడు నాగరాజు, వణుకుతూ.

ధనుంజయ గబగబా స్టీరింగ్ ముందుకు ఎక్కాడు. లోడ్‌లోని రాళ్ళ మీద గోనెసంచులు పరిచి ఆదినారాయణను పడుకోబెట్టారు. తాళం ఇట్లా తిప్పగానే బండి లేచింది. ఫ్యాక్టరీ ఫోన్ మోగుతూనే ఉంది. దాన్ని జేబులోనే మోగనిచ్చాడు. దారిలో వాన పట్టుకుంటే కూలీలు లోడ్ మీద పట్టా కప్పారు.

ఆసుపత్రి ముందు ఆగి వెనక తలుపు దించేసరికి ఆదినారాయణ ఒక మోచేతి మీద లేచి, ఎవరో ఇచ్చిన చేతిగుడ్డను ఉమ్మితో తడి చేసుకొని, బండి లోపలి పక్కన తను గీసిన గీతలు తుడుస్తున్నాడు, బడిపిల్లాడు పలక తుడిచినట్టు. కాలు నొప్పికి కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఆపలేదు. నలుగురూ మోసుకుపోతుంటే బానెట్ దగ్గర ఆగమని సైగ చేశాడు. చెయ్యి వేశాడు.

"పోతుండా," అన్నాడు, గొంతు రాక గాలితోనే. తర్వాత ధనుంజయ వైపు తిరిగి, "నా సరుకంతా ఇంక నీ బండిలోనే తోలాల. కురిచేడు నుంచి ఏడికైనా," అన్నాడు.

వాళ్ళు లోపలికి పోయాక ధనుంజయ బండి చుట్టూ తిరిగాడు. బయటి గీతలు వానకు పోయాయి. లోపల మాత్రం ఒకటి, ఆయన చెయ్యి అందనంత ఎత్తున మిగిలింది. ధనుంజయ అటూ ఇటూ చూసి, రాళ్ళమీదకు ఎక్కి, వేలు నాలుకతో తడుపుకొని, మెల్లగా తుడిచేశాడు.