గురువారం వేసిన ప్లేట్లు

"మరి ఆదివారం వంటెవరు చేస్తారు?" అన్నాడు భర్త, ఆమె ఇవాళ ల్యాబులో ప్లేట్లు వేశానని చెప్పగానే. కోపంగా కాదు. చొక్కా గుండీ ఊడిందని చెప్పినంత మామూలుగా.

పదకొండేళ్లుగా ఆమె గురువారం ప్లేట్లు వెయ్యదు. ప్లేటు మీద చల్లిన ఈస్టు పెరిగి కనబడడానికి మూడు రోజులు పడుతుంది. మూడో రోజు ఆదివారం, ఆదివారం ఇంటిది. ఈ నియమం ఎవరూ పెట్టలేదు, అందుకే ఎవరితోనూ పోట్లాడే వీల్లేకపోయింది. ఒక్కసారి మాత్రం తప్పింది. ఆ ఆదివారం ఆడపడుచు కుటుంబం భోజనానికొచ్చింది. ఆమె ఇక్కడ ఉల్లిపాయలు తరుగుతుంటే, అక్కడ ల్యాబులో ప్రొఫెసర్ ఆమె ప్లేట్ల మూత తీసి ఫలితం చూశాడు. సోమవారం మీటింగులో "నేను చూశాను" అన్నాడు. అందరితోపాటు ఆమె కూడా ఆయనకి చప్పట్లు కొట్టింది. కొడుతుంటే చేతుల్లోంచి ఇంకా ఉల్లివాసన.

ఈసారి ప్రశ్న ఆమెది. రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయని రెండేళ్లుగా అనుమానం. రెంటినీ ఒకే ఈస్టు కణంలో పెట్టి, ఒక పోషకం లేని ప్లేటు మీద వదిలింది. అవి పట్టుకుంటేనే ఈస్టు ఆ పోషకాన్ని తనే తయారుచేసుకుని బతుకుతుంది. పక్కన ఇంకో రెండు ప్లేట్లు, ఒక్కో ప్రోటీను విడివిడిగా. వాటి మీద ఏమీ పెరగకూడదు, బోడిగానే ఉండాలి. కణాలు గురువారానికే సిద్ధమయ్యాయి. ఆమె ఆగలేదు.

శనివారం అత్తగారు నవ్వారు. "పిండిలో వేసే ఈస్టేగా అమ్మాయ్! నువ్వు కాపలా కాయకపోతే పొంగనంటుందా?"

"పొంగుతుంది అత్తయ్యా. కానీ ముందు నేనే చూడాలి."

నోట్లోంచి బయటికొచ్చాక ఆ మాట ఎంతో చిన్నదిగా అనిపించింది. ఇన్నేళ్లూ లోపల ఒక గదంత చోటు ఆక్రమించుకుని కూర్చున్నది ఇదేనా?

ఆదివారం ల్యాబులో ఎవరూ లేరు. రెండు ప్లేట్లు బోడిగా ఉన్నాయి. మూడోదాని మీద ఆవగింజలంతేసి తెల్లటి చుక్కలు. నలభై మూడు. అనుమానంతో కాదు, బాగుందని మళ్లీ లెక్కపెట్టింది.

ఫోను మోగింది. భర్త.

"ఉప్పు డబ్బా ఎక్కడ?"

"స్టవ్ పక్కనే."

"కనబడ్డం లేదే!"

వెనకనుంచి అత్తగారి గొంతు: "అన్నిటికీ దాన్నే అడగాలట్రా? కళ్లు తెరిచి చూడు!"

ఆమె నవ్వు ఖాళీ గదంతా వినిపించింది. ఫోను పెట్టేసి, నోటుబుక్కులో "నేను చూశాను" అని రాసి టైము వేసింది. తర్వాత గోడమీది క్యాలెండరులో వచ్చే గురువారం కింద ఒక్క మాట రాసింది: ప్లేట్లు.